గాలిలో వేళ్ళు: మట్టిలేని సేద్యపు చరిత్ర

రాజమహేంద్రవరమునుండి గోకవరము పోవు దారిలో కోరుకొండ ఉన్నది. లక్ష్మీనరసింహస్వామి వెలసిన కొండయే ఆ గ్రామమునకు గురుతు. ఆ దారి వెంట దక్షిణముగా వచ్చినచో గోదావరి కాలువల క్రింది వరిచేలు. ఉత్తరముగా పోయినచో గోకవరము దాటి రంపచోడవరపు మన్యము. బురదలో పెరుగు పంటకును, రాతినేలపై పెరుగు అడవికిని నడుమ నిలిచిన ఊరు అది. వేరునకు మట్టితో గల సంబంధమును గూర్చి ఆలోచించుటకు ఇంతకంటె అనువైన చోటు మరొకటి వెదకనక్కరలేదు.

అయినను ఆ ఆలోచన నాకు ఒక విద్యార్థి ప్రశ్నవలన కలిగినది. కోరుకొండ ప్రక్కనుండి మా కళాశాలకు వచ్చు కుర్రవాడొకడు, వేరు నిర్మాణమును గూర్చి పాఠము జరుగుచుండగా లేచి, "మాస్టారూ! గంజాయిని మట్టే లేకుండా, వేళ్ళు గాలిలో వేలాడదీసి, ఇంట్లో గదిలోనే పెంచుతారటండి. నిజమేనాండి?" అని అడిగెను. తరగతి అంతయు నవ్వినది. నేను "పాఠంలో లేనివి అడక్కు, కూర్చో" అంటిని. వాడు కూర్చుండెను, ఆ గంటలో మరి నోరు మెదపలేదు.

సాయంకాలము ఇంటికి పోవుచు ఆలోచింపగా, వాని ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసియున్నవని తోచినది. మొదటిది శాస్త్రమునకు సంబంధించినది: మట్టి లేక వేరు బ్రదుకగలదా? రెండవది లోకమునకు సంబంధించినది: అట్టి విద్యకును గంజాయికిని పొత్తు ఎట్లు కుదిరెను? రెండింటికిని సమాధానము చరిత్రలో దొరకును. ఆనాడు తరగతిలో చెప్పవలసిన దానిని ఇప్పుడిచ్చట చెప్పుచున్నాను.

మనకు తెలిసిన గాలి వేళ్ళు

వేరు అనగానే మట్టిలో దాగినదని మనము తలంతుము. కాని కన్ను తెరచి చూచినచో, గాలిలో బ్రదుకు వేళ్ళు మన చుట్టునే ఉన్నవి. మర్రి ఊడలు నేలను తాకకముందు ఎన్నో ఏండ్లు గాలిలోనే వ్రేలాడును. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో, ఆటుపోటుల బురదనుండి వేలకొలది మేకులవలె వేళ్ళు పైకి పొడుచుకొని వచ్చును. ఇవి నీటికొరకు క్రిందికి పోవు వేళ్ళు కావు. గాలికొరకు పైకి వచ్చు వేళ్ళు. వీనికి శ్వాసమూలములని పేరు. ఉప్పుబురదలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. కావున మడచెట్టు ఊపిరిని పైనుండి తెచ్చుకొనును.

కడియపులంక నర్సరీలలో గాలి అంటు కట్టుటను చూచినవారికి మరియొక సంగతి తెలియును. జామ, దానిమ్మ వంటి చెట్ల కొమ్మకు ఉంగరమువలె బెరడు తీసి, తడి నాచు చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితము కట్టుదురు. కొన్ని వారములకు నేలకు ఎంతో ఎత్తున, కొమ్మపైననే వేళ్ళు పుట్టును. వేరు పుట్టుటకు తడి కావలెను, చీకటి కావలెను, గాలి కావలెను. మట్టి అక్కరలేదు.

"మరి వరి మాట యేమి? అది నిలువ నీటిలో పెరుగుచున్నది గదా" అని అడుగవచ్చును. వరి వేరును అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో అందు పెద్ద పెద్ద గాలి ఖాళీలు కనబడును. ఆకులనుండి వేరు కొనవరకు ఈ ఖాళీలగుండ ప్రాణవాయువు దిగును. వరి నీటిలో మునిగి బ్రదుకుటకు కారణము, అది తన గాలి గొట్టమును తనతో తెచ్చుకొనుటయే. ఆ గొట్టములు లేని మిరపమొక్కను అదే చేలో నాటినచో కొలది దినములలో వడలిపోవును. నీరు చాలక కాదు, ఊపిరాడక.

వేరు త్రాగుటయే కాదు, ఊపిరి పీల్చును గూడ. ఈ చిన్న మాట తెలియుటకు మానవునికి రెండు శతాబ్దములు పట్టినది.

విల్లో చెట్టు, పుదీనా మొక్క

మొక్క దేనిని తిని పెరుగును? మట్టిని తిని పెరుగునని పూర్వులు అనుకొనిరి. బెల్జియము దేశస్థుడు వాన్ హెల్మాంట్ దీనిని తూచి చూడదలచెను. ఒక తొట్టిలో ఎండబెట్టిన మట్టి 200 పౌనులు పోసి, 5 పౌనుల బరువుగల విల్లో మొక్కను నాటి, వాననీరు తప్ప మరేమియు పోయక 5 ఏండ్లు పెంచెను. చివరకు చెట్టు బరువు 169 పౌనులకు పైగా ఉండెను. మట్టిని మరల ఎండబెట్టి తూచగా సుమారు 2 ఔన్సులు మాత్రమే తరుగు వచ్చెను. కావున చెట్టంతయు నీటినుండియే పుట్టినదని అతడు తీర్మానించెను. ఈ ప్రయోగము అతని మరణానంతరము 1648లో అచ్చయ్యెను.

తూనిక సరియైనదే, తీర్మానము తప్పు. చెట్టు బరువులో ఎక్కువ పాలు గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండి వచ్చునని అతనికి తెలియదు. ఆ 2 ఔన్సులను లెక్కలోని పొరపాటుగా విడిచివేసెను. తరువాతి కథయంతయు ఆ 2 ఔన్సులలోనే ఉన్నది.

1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా మొక్కలను మట్టి లేకుండ సీసాలలో పెంచి, ఫలితములను ప్రకటించెను. కొన్నింటికి వాననీరు, కొన్నింటికి థేమ్స్ నదినీరు, మరికొన్నింటికి తోటమట్టి కలిపిన నీరు ఇచ్చెను. నీరు ఎంత మురికిదైన మొక్క అంత బాగుగా పెరిగెను. శుద్ధమైన నీరు చాలదు, నీటిలో కరిగిన మరేదో కావలెనని దీనివలన తేలినది. 1804లో జెనీవా నివాసి ద సోస్యూర్, వేళ్ళు కొన్ని లవణములను ఎన్నుకొని గ్రహించుననియు, వేళ్ళకు గూడ ప్రాణవాయువు కావలెననియు నిరూపించెను.

1860 ప్రాంతమున జర్మనీలో జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ పనిని పూర్తి చేసిరి. నత్రజని, భాస్వరము, పొటాసియము, కాల్షియము, మెగ్నీషియము, గంధకము, కొద్దిగా ఇనుము: వీని లవణములను తగు పాళ్ళలో నీట కరిగించి, ఆ ద్రావణములోనే మొక్కలను విత్తనమునుండి విత్తనము వరకు పెంచిరి. వాన్ హెల్మాంట్ విడిచిన 2 ఔన్సుల గుట్టు అప్పటికి బయటపడెను. మట్టి మొక్కకు ఆహారము కాదు. ఆహారమును దాచియుంచు గాదె.

ప్రయోగశాలనుండి పొలమునకు

సాక్స్ జాడీలు చాలకాలము కళాశాలల అల్మారాలలోనే ఉండిపోయెను. 1929 తరువాత అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం గెరికె ఆ పద్ధతిని తొట్లలో పెట్టి పంటగా మార్చ యత్నించెను. అతని టమాటా తీగలు 25 అడుగుల ఎత్తు పెరిగి, నిచ్చెన వేసికొని కోయవలసి వచ్చినవట. పత్రికలు పొగడ్తలతో ఎత్తుకొన్నవి. 1937లో అతడు ఈ విద్యకు "హైడ్రోపోనిక్స్" అని పేరు ప్రకటించెను. గ్రీకు భాషలో నీటి పని అని దాని భావము. మనము జలసేద్యము అనవచ్చును.

పత్రికల పొగడ్త చూచి అదే విశ్వవిద్యాలయము, డెన్నిస్ హోగ్లాండ్, డేనియల్ ఆర్నన్ అనువారిచే విషయమును పరిశీలింపజేసెను. 1938లో వారు ప్రకటించిన చిన్న పుస్తకము ఈనాటికిని చదువదగినది. మంచి మట్టిలో పండినదానికంటె ద్రావణములో పండినది సహజముగా గొప్పది కాదనియు, వెలుతురు, వేడిమి సమానముగా నున్నచో దిగుబడియు ఇంచుమించు సమానమే యనియు వారు తేల్చిరి. నేటికిని మట్టిలేని సేద్యమును అమ్మజూపువారు చెప్పు మాటలకు ఈ తీర్పు మంచి విరుగుడు.

మన దేశమునకు ఈ విద్య త్వరలోనే వచ్చినది. 1946-47లో డార్జిలింగు జిల్లాలోని కాలింపాంగు దగ్గర షోల్టో డగ్లస్ అను ఉద్యోగి, ఖరీదైన పంపులు, గాజుపాత్రలు లేకుండ, కంకర, ఇసుక నింపిన తొట్లలో లవణములు చల్లి కూరగాయలు పండించు సులభమార్గమును రూపొందించెను. దానికి బెంగాల్ పద్ధతి అని పేరు వచ్చినది. నేడు మన జిల్లాలో కొబ్బరి పీచు పొట్టు నింపిన ట్రేలలో మిరప, పొగాకు నారు పెంచువారును, తెలిసియో తెలియకయో, ఈ వంశమునకు చెందినవారే.

వేరును చూచుటకు ఒక కిటికీ

జలసేద్యములో ఒక చిక్కు ఉన్నది. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల ఒక లీటరు నీటిలో కరగియుండగల ప్రాణవాయువు సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. అదే వేడిమిగల ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములుండును. అనగా 36 రెట్లు. అంతేకాదు, ప్రాణవాయువు గాలిలో కదలునంత వేగముగా నీటిలో కదలలేదు, ఇంచుమించు పదివేల రెట్లు మెల్లగా కదలును. వేడిమి పెరిగినకొలది నీటిలో ప్రాణవాయువు తగ్గును, వేరు కోరు ప్రాణవాయువు పెరుగును. మన వేసవిలో ఈ రెండును ఒకేసారి జరుగును. కావున ద్రావణములోనికి పంపుతో గాలి ఊదవలసివచ్చును.

గాలిని నీటిలోనికి పంపుటకు బదులు, నీటినే గాలిలోనికి పంపిన నేమి? వేళ్ళను చీకటి పెట్టెలో వ్రేలాడదీసి, లవణజలమును మంచువలె చల్లిన నేమి? ఈ ఆలోచనను మొదట అమలుపెట్టినవారిలో రష్యా శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ ఆర్త్సిహోవ్‌స్కి ఒకడు. 1911లో అతడు గాలిలో మొక్కల పెంపకమును గూర్చి వ్యాసము ప్రకటించెను.

ఇచ్చట గమనింపదగిన విషయము ఒకటి కలదు. అతని తరువాత ఈ దారి త్రొక్కినవారు పంట పెంచుటకు కాక, వేరును చూచుటకు ఈ పద్ధతిని వాడిరి. 1942లో వాల్టర్ కార్టర్, వేళ్ళను సులభముగా పరిశీలించుటకు మొక్కలను నీటి ఆవిరిలో పెంచు విధమును వర్ణించెను. అతని శ్రద్ధ అనాసమొక్కలపైన. 1944లో క్లోట్జ్ కాలిఫోర్నియాలో నిమ్మజాతి చెట్ల, అవకాడో చెట్ల వేరు తెగుళ్ళను తెలిసికొనుటకు అదే పని చేసెను. మట్టినుండి పెరికినచో సన్నని వేళ్ళు తెగిపోవును. రోగము మొదలగునది అక్కడనే. పొగమంచులో వ్రేలాడు వేరు తెగదు, దాగదు. ఏ గంటకు ఆ గంట మార్పును చూడవచ్చును. వాయుసేద్యము వేరు రోగులకు పరీక్షామందిరముగా పుట్టినది.

1957లో ఫ్రిట్స్ వెంట్ అను డచ్చి వృక్షశాస్త్రజ్ఞుడు, మొక్కల పెరుగుదలను శాసించు ఆక్సిన్‌ను గూర్చిన పరిశోధనలచే ప్రసిద్ధుడు, కాఫీ, టమాటా మొక్కలను పోషక మంచులో పెంచి, ఈ విధానమునకు "ఏరోపోనిక్స్" అను పేరు పెట్టెను. గాలి పని అని దాని అర్థము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టోనర్ దీనిని యంత్రముగా చేసి అంగడికి తెచ్చెను. 1997లో మీర్ అంతరిక్షకేంద్రముపైన అడ్జుకి చిక్కుడు మొలకలను ఇట్లే పెంచి చూచిరి. పైకి, క్రిందికి అను భేదమే లేని చోట, మట్టి మూటలు మోసికొని పోలేని చోట, ఈ పద్ధతికి గల విలువ తేటతెల్లము.

ఇంతవరకు ఈ చరిత్రలో గంజాయి పేరు రాలేదు. పాఠకులు దీనిని గుర్తుంచుకొనవలెను.

గంజాయి వేరొక దారిన వచ్చినది

గంజాయిమొక్క కథ మన ఆంధ్రదేశములో మట్టిలోనే జరిగినది. ముందుగా ఒక భ్రమ తొలగించుకొందము. ఆంగ్లములో ఈ మొక్కకు హెంప్ అని పేరు. మన డెల్టా రైతు వరికోతల తరువాత పశువుల మేతకు, పచ్చిరొట్టకు చల్లు జనుమును సన్ హెంప్ అందురు. పేరు కలిసినను ఈ రెండును వేరు వేరు కుటుంబములకు చెందినవి. జనుము చిక్కుడు కుటుంబము. దానిలో మత్తు లేదు.

కంపెనీవారి వైద్యుడు ఓషానెసీ 1839లో కలకత్తాలో గంజాయి ఔషధగుణములను పరీక్షించి ప్రకటించిన తరువాత ఐరోపా వైద్యులకు దీనిపై ఆసక్తి కలిగెను. 1893లో ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటముల నివేదిక సమర్పించెను. మితముగా వాడినచో పెద్ద హాని కనబడదనియు, అతిగా వాడినచో హానికరమే యనియు, నిషేధముకంటె అదుపు, పన్ను మేలనియు ఆనాటి సంఘము అభిప్రాయపడెను. ఆనాడు మద్రాసు రాజధానిలో గంజాయికై ప్రత్యేకముగా సాగు జరిగిన సీమలలో ఒకటి మన బాపట్ల తాలూకాలోని సంతరావూరు పరిసరములు. తరువాతి కాలమున సర్కారు అనుమతితో, గిడ్డంగి లెక్కలతో అచ్చట సాగు జరిగెను.

ఆ మొక్కలోని మత్తు పదార్థమేదో ఆనాటివారికి తెలియదు. 1964లో ఇజ్రాయెలు రసాయనజ్ఞులు రఫాయెల్ మెచౌలమ్, యెహియెల్ గావోని దానిని వేరుచేసి నిర్మాణమును కనుగొనిరి. టి.హెచ్.సి. అని మనము వినుచున్నది అదియే. అమెరికాలో పట్టుబడిన గంజాయిని పరీక్షింపగా, ఈ పదార్థము 1995లో సగటున 4 శాతముండగా, 2014 నాటికి 12 శాతమునకు చేరినది. అనగా 1894నాటి విచారణ సంఘము ఎరిగిన గంజాయియు, నేటి గంజాయియు ఒకటి కావు. పాతికేండ్లు వచ్చువరకు మనిషి మెదడు పెరుగుచునే యుండును. ఆ వయస్సులో తీవ్రమైన గంజాయిని తరచు వాడువారికి మతి చలించు జబ్బులు వచ్చు అవకాశము హెచ్చని వైద్యులు తేల్చియున్నారు. 1894నాటి "మితము" అను మాటను నేటి సరుకునకు అంటగట్టరాదు.

1961 అంతర్జాతీయ ఒప్పందమును అనుసరించి 1985లో మన పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టము చేసెను. దాని ప్రకారము అనుమతి లేకుండ గంజాయిమొక్కను పెంచుట నేరము. పదేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. నారకొరకో, విత్తనముకొరకో ప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతింపవచ్చును. 2018లో ఉత్తరాఖండములో మత్తు 0.3 శాతమునకు లోపుగల జాతులకు అట్టి ఏర్పాటు జరిగినది. చట్టము అడుగునది మొక్క యేది అని. అది మట్టిలో ఉన్నదా, నీటిలో ఉన్నదా, గాలిలో ఉన్నదా అని కాదు.

మరి మట్టిలేని సేద్యముతో గంజాయికి పొత్తు ఎట్లు కుదిరెను? చలిదేశములలో నిషేధము బిగిసినకొలది, పొలములో కనబడు మొక్కను దొంగసాగుదారులు గదిలోనికి, దీపముల క్రిందికి మార్చిరి. గదిలోనికి మట్టి మోయుట కష్టము. అంతకుముందే టమాటాలకు, ఆకుకూరలకు సిద్ధమైయున్న తొట్లు, పంపులు అంగడిలో దొరకుచుండెను. వారు ఆ విద్యను కనిపెట్టలేదు, కొనుక్కొనిరి. తరువాత కొన్ని దేశములలో చట్టములు మారినవి. ఉరుగ్వేలో 2013లోను, కెనడాలో 2018లోను, జర్మనీలో 2024లోను పెద్దలు కొలది మొక్కలను ఇంట పెంచుకొనుటకు షరతులతో అనుమతి వచ్చినది. దానితో ఈ యంత్రముల ప్రకటనలు లోకమంతట పాకినవి. మా విద్యార్థి చెవిని బడినది ఆ ప్రకటనల ప్రతిధ్వనియే. 2025లో శంషాబాదు విమానాశ్రయమున బ్యాంకాకునుండి వచ్చినవారివద్ద "హైడ్రోపోనిక్ గంజాయి" పట్టుబడినట్లు పత్రికలలో మాటిమాటికి వచ్చినది. ఒక మంచి శాస్త్రపదము ఆ విధముగా నేరవార్తలలో మొదటిసారి మన పిల్లలకు పరిచయమగుచున్నది. నాకు బాధ కలిగించినది ఇదియే.

మన్యములోని సంగతి వేరు. అచ్చట గదులు లేవు, పంపులు లేవు. కొండవాలున మట్టిలోనే సాగు జరిగినది. 2021 చివర రాష్ట్ర పోలీసులు "పరివర్తన" అను పేర విశాఖ మన్యములో ఏడువేల ఎకరములకు పైగా తోటలను ధ్వంసము చేసిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోగ్రాముల గంజాయిని తగులబెట్టిరి. పెట్టుబడి పెట్టినవాడు దూరమున ఉండును. మూట మోసిన గిరిజనుడు, బండి నడపిన కుర్రవాడు జైలులో ఉండును. కొండలనుండి మైదానమునకు దిగు బాటలలో కోరుకొండ దారియు ఒకటి. కావున మా విద్యార్థి ప్రశ్న నవ్వదగినది కాదు. వాని వయస్సు వారికి ఆ సరుకు అమ్మజూపువారు ఉండగా, దానిని గూర్చి సరియైన మాట చెప్పువారు తరగతిలోనే లేకపోవుట తగదు.

వాయుసేద్యము దేనికి తగును?

ఇక శాస్త్రమునకు మరలి వత్తము. ఈ విద్యకు తగిన పనులు కొన్ని నిశ్చయముగా ఉన్నవి. మొదటిది బంగాళాదుంప విత్తనము. దుంపనే విత్తనముగా నాటుటవలన వైరసు తెగుళ్ళు ఏటేట వెంట వచ్చును. తెగులు లేని కణజాలమునుండి పెంచిన మొక్కలను పొగమంచు పెట్టెలో ఉంచినచో, వ్రేలాడు కాడలకు గోలీలవంటి చిన్న దుంపలు కాయును. మట్టిలేదు గనుక మట్టి తెగులు లేదు. పెట్టె తెరచి తగిన పరిమాణమునకు వచ్చిన దుంపలను మాత్రమే కోసికొని, మిగిలినవానిని పెరుగనీయవచ్చును. పెరూలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రమును, సిమ్లాలోని మన కేంద్ర బంగాళాదుంప పరిశోధనాలయమును ఈ పద్ధతిని వృద్ధిచేసినవి. 2022లో మధ్యప్రదేశ ప్రభుత్వము గ్వాలియరులో ఇట్టి కేంద్రముకొరకు ఒడంబడిక చేసికొనెను.

రెండవది వేరే ఔషధమైన మొక్కలు. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయమున అల్లము మొదలగువానిపై ఇట్టి పరీక్షలు జరిగినవి. 2021లో ఇటలీ పరిశోధకులు నారజాతి గంజాయి వేళ్ళను ఇట్లే పెంచి, వేళ్ళలోని పదార్థములను పరిశీలించిరి. వారికి కావలసినది మత్తునిచ్చు పువ్వు కాదు, వేరు. మన అశ్వగంధ, శతావరి, సర్పగంధ మొక్కలను వేరుకొరకు అడవినుండి పెరికి తెచ్చుచున్నారు. మొక్కను చంపక వేరు కొంత కోసికొనుట సాధ్యమైనచో ఎంత మేలో ఊహింపవచ్చును.

అయితే లోపములను దాచరాదు. మట్టి గాదె అని ముందు చెప్పితిని. రైతు ఒకనాడు నీరు పెట్టుట మరచినను మట్టి ఓర్చుకొనును. ఒక బుట్ట ఎరువు ఎక్కువైనను పట్టి ఉంచుకొని మెల్లగా ఇచ్చును. గాలిలో వ్రేలాడు వేరునకు గాదె లేదు. విద్యుత్తు పోయి పంపు ఆగినచో, మన వేసవిలో కొలది గంటలలోనే సన్నని వేళ్ళు ఎండును. చిల్లు పూడినను అంతే. ఒక్క రోగబీజము ద్రావణములో పడినచో అన్ని మొక్కలకును ఒకేసారి చేరును. ఖర్చు ఎక్కువ; కనిపెట్టి యుండు మనిషి కావలెను. అగ్గువగా పండు కూరగాయకు ఈ శ్రమ గిట్టదు. విత్తనము, నారు, ఔషధము వంటి విలువగల పంటకే ఇది తగును.

చరిత్రను ఒకసారి వెనుకకు తిరిగి చూచినచో దాని పోకడ తెలియును. శాస్త్రజ్ఞులు మట్టి చేయు పనులను ఒక్కొక్కటిగా విడదీసిరి. సాక్స్ ఆహారమును విడదీసెను. గెరికె నిలువబెట్టు పనిని కర్ర చట్రములకు అప్పగించెను. ఆర్త్సిహోవ్‌స్కి నుండి వెంట్ వరకు గలవారు నీటిని, గాలిని వేరుచేసిరి. చివరకు మిగిలిన మట్టి గుణము ఓర్పు ఒక్కటే. దానిని ఏ యంత్రమును ఇంతవరకు సులభముగా ఇయ్యలేకున్నది.

మరునాటి తరగతి

మరునాడు నేను తరగతిలో ఆ విద్యార్థిని లేపి, నిన్న తప్పు నాదని చెప్పి, పైన వ్రాసిన సంగతులను క్లుప్తముగా వినిపించితిని. తరువాత రెండు గాజుజాడీలు తెప్పించి, ఒకే ద్రావణము పోసి, ఒకే ఈడు టమాటా మొక్కలను రెంటిలోను నిలిపితిమి. నీటిలో పాకుడు పట్టకుండ జాడీలకు నల్లకాగితము చుట్టితిమి. ఒక జాడీలోనికి చేపల తొట్టికి వాడు చిన్న పంపుతో గాలి ఊదితిమి; రెండవదానికి ఊదలేదు. పంపును చూచుకొను పని ఆ కుర్రవానికే ఒప్పగించితిని. మూడు వారములకు కాగితము విప్పి చూడగా, గాలి ఊదిన జాడీలో వేళ్ళు తెల్లగా, దట్టముగా ఉండెను. రెండవ జాడీలో అవి గోధుమరంగు తిరిగి, కొనలు కుళ్ళి, నీరు వాసన కొట్టుచుండెను. ద్రావణము ఒకటే; తేడా ఊపిరిలోనే.

వాడు రెండు జాడీలను చాలసేపు చూచి, "అయితే మాస్టారూ, మా చేలో నీరు నిలిచినప్పుడు మిరప చచ్చిపోయేది ఇందుకేనాండి?" అని అడిగెను. అవునంటిని. ఆ ఏడు వాని తండ్రి మిరపచేనికి కాలువ తీయించెనని తరువాత తెలిసినది.

గంజాయిని గూర్చి మొదలైన ప్రశ్న మిరపచేని కాలువ వద్ద తేలినది. మీ ఊరి బడిలోను రెండు జాడీలు, ఒక చిన్న పంపు, ఏ తోటకూర నారో, టమాటా నారో ఉన్నచో ఈ ప్రయోగము చేసి చూడవచ్చును. వేరు ఊపిరి పీల్చునను మాటను పుస్తకములో చదువుటకంటె, తెల్లని వేరును, కుళ్ళిన వేరును ప్రక్క ప్రక్కన చూచి తెలిసికొన్నవాడు దానిని మరువడు.